వలల గదికి పడవ రంగు

కొత్తపేట,
వజ్రపుకొత్తూరు మండలం.
2024 డిసెంబరు 19, గురువారం.

చిరంజీవి సౌభాగ్యవతి సంతోషికి నీ వదిన నాగమణి దీవించి రాసేది.

ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ నువ్వూ, మీ ఆయన కామేశ్ అన్నయ్యా, పిల్లలూ క్షేమమని తలుస్తాను అని ఉత్తరం మొదట్లో రాయాలి. అందులో రెండో సగం మనసారా రాస్తున్నాను. మొదటి సగం రాయడానికి చెయ్యి రాలేదు, వదిలేశాను.

మీ రావివలస ఎంత దూరం కనుక? పలాసలో బస్సెక్కితే టెక్కలి, టెక్కలిలో ఆటో ఎక్కితే మీ ఇల్లు. ఫోనైతే ఆ దూరం కూడా లేదు. కానీ ఫోనులో నీ గొంతు వింటే నేను ఏడవనైనా ఏడుస్తాను, పోట్లాడనైనా పోట్లాడతాను. ఆ రెండూ కాకుండా మాట్లాడుకోవడం మనిద్దరం మరిచిపోయి ఏడాదిన్నర దాటింది. అందుకని మా సంధ్య బడి నోటుబుక్కులోంచి కాగితాలు చింపుకుని కూర్చున్నాను. పదో తరగతి పరీక్ష తర్వాత ఇంత పొడుగు రాయడం ఇదే. తప్పులుంటే సర్దుకుని చదువుకో.

మీ అన్నయ్య పోయిన రోజు నువ్వొచ్చావు. మా తమ్ముడు పైడయ్య ఫోను చేస్తే పిల్లల్ని ఎవరికో అప్పగించి, జుట్టు కూడా ముడేసుకోకుండా వచ్చావు. వచ్చి వీధిలో కుళాయి దగ్గరే నిలబడిపోయావు. లోపలికి రమ్మని నేను అనలేదు. మా అత్త గుమ్మంలోంచి చెయ్యి చాపి కూతుర్ని పిలుస్తూనే ఉంది. నువ్వు నా మొహం చూశావు, నేను తల తిప్పుకున్నాను. వీధిలోంచే అన్నని సాగనంపి, గ్లాసుడు మంచినీళ్ళు కూడా ముట్టకుండా వెళ్ళిపోయావు. పెద్దకర్మకీ రాలేదు. పైడయ్య చేత ఒక్క మాట మాత్రం అడిగించావు, మా అన్న ఆ వలల గదిలోనే పోనాడా, ఆ సీకటి కొట్టులోనే పడుకోబెట్టీసినారా అని. పైడయ్య ఆ మాట నాకు చెప్పి, “నానేటి సెప్పాలప్పా?” అని తల వంచుకున్నాడు. నేనే చెప్తాలే అన్నాను.

అవును సంతోషీ. ఆ గదిలోనే పోయాడు. కానీ అది నీకు తెలిసిన గది కాదు. అది ఎలా మారిందో నీకు చెప్పినవాళ్ళు లేరు. అందుకే రాస్తున్నాను, మొదటినుంచీ.

మొదటినుంచీ అంటే మన గొడవ కూడా రాయాలి. మీ అన్నయ్యకి రెండు కిడ్నీలూ పనికిరావని విశాఖలో చెప్పినప్పుడు ముందు నేనిస్తానన్నాను. నా రక్తం కలవలేదు, పైగా నాకు షుగరు. తర్వాత ఎవరూ అడక్కుండానే నువ్వు ముందుకొచ్చావు. పరీక్షలు చేయించుకున్నావు. సరిపోతుందన్నారు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో విశాఖ నుంచి టెక్కలి దాకా నీ చెయ్యి వదల్లేదు నేను. నెల తిరక్కుండా, ఇవ్వలేను వదినా అన్నావు. మీ అత్తగారు వద్దన్నారని ఒకరన్నారు, నువ్వే భయపడ్డావని ఒకరన్నారు. ఎందుకని నిన్ను నేను అడగలేదు. గంగమ్మ పండగనాడు, కోవెల ముందు, ఊరంతా చూస్తుండగా అరిచాను. నీకు అన్న అక్కర్లేదు, నాకు ఆడపడుచు అక్కర్లేదు, మా గడప తొక్కకు అన్నాను. నీ చంకలో చిన్నవాడు బెదిరిపోయి ఏడుస్తున్నాడు. నువ్వు వాణ్ణి హత్తుకుని వెనక్కి తిరిగి వెళ్ళిపోయావు.

ఇంటికొచ్చాక మీ అన్నయ్య నా మీద కేకలేస్తాడనుకున్నాను. వెయ్యలేదు. మంచం మీద కూర్చుని నెమ్మదిగా అన్నాడు. “ఒలే మణీ, ఊరోళ్ళ కిడ్నీలు పాడుసేసిన మన బావి నీళ్ళు తాగే అదీ పెరిగింది కదేటి. రేపు దాని ఒంట్లో ఏటవుద్దో ఎవుడికి తెల్సు? నాకిచ్చీసి అదేటైపోవాల? దాని కడుపున పుట్టిన గుంటలేటైపోవాల?” ఆ మాట నీ చెవిన వెయ్యాల్సింది నేను. వెయ్యలేదు. నేను ఇతని ప్రాణం కోసం కొట్టుకుంటుంటే, ఇతను చెల్లెల్ని వెనకేసుకొస్తున్నాడని ఒళ్ళు మండింది నాకు.

ఆ తర్వాత ఏడాది పొడుగునా వారానికి మూడు రోజులు పలాస వెళ్ళి డయాలసిస్ చేయించుకున్నాడు. పోయిన మాఘమాసంలో చేతి నరం మూసుకుపోయింది. ఇంక చేతికి సూది పనికిరాదు, పొట్టలో గొట్టం పెట్టి ఇంట్లోనే చేసుకోవాలన్నారు. మందు నీళ్ళ సంచి పైన వేలాడదీసి పొట్టలోకి ఎక్కించాలి, ఇంతకుముందు ఎక్కించినవి కింద సంచిలోకి దింపాలి. రోజుకి మూడుసార్లు. చెయ్యాల్సింది నేను. విశాఖలో పదిరోజులు ఉంచి నాకు నేర్పారు. నేర్పినావిడ ఒకటే మాట పదిసార్లు చెప్పింది. చిన్న దుమ్ము కణం పడినా పొట్ట చెడిపోతుంది, మనిషి దక్కడు అంది.

మనదేమో కాలనీ ఇల్లు. ముందు గది, వంటిల్లు, వెనక వలల గది. ముందు గదిలోకి వీధి ఇసకంతా వస్తుంది. ఇక మిగిలింది వలల గదే.

ఇల్లు చూడ్డానికి ఆస్పత్రి నుంచి భారతి అని ఒక నర్సమ్మ వచ్చింది. చిన్నపిల్ల, సంధ్యకి అక్కలా ఉంటుంది. వలల గది గడప దగ్గరే ఆగిపోయింది. నీకు తెలుసుగా, మూడు తరాల వలలు, చిక్కుపడ్డ తాళ్ళు, ఎండుచేపల గంప, సున్నం పెచ్చులూడిన గోడలు, కిటికీ ఒకటుందన్న మాటే గానీ ఎదురుగా పక్కింటి గోడ. నీ చిన్నప్పుడు అల్లరి చేస్తే అత్త నిన్ను అందులో పెట్టి తలుపేసేదట. ఆ పిల్ల ఫోనులో ఒక ఫోటో చూపించింది. గోడల నిండా తెల్ల టైల్సు, తెల్ల పరదా, ఇనప స్టాండు. ఇలా చేయించుకోండి ఆంటీ అంది. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. జీడిపప్పు పొట్టు తీసే నా పీలింగు కూలితో అంత గది ఎక్కడ చేయించను? మీ అన్నయ్య మాత్రం ఆ ఫోటో చూసి మొహం తిప్పేసుకున్నాడు. “ఇది ఆస్పత్రి కదేటి. ఇంటికాడ కూడా నాకు ఆస్పత్రెందుకు? నాకొద్దు” అన్నాడు. నీకేం కావాలో చెప్పు మరి అన్నాను విసుగ్గా. “మనిషి ఉండీ గదిలాగుండాల” అన్నాడు.

ఆ మాటతో మొదలెట్టాం.

ముందు వలలు బయటికి రావాలి. రెండు రోజులు పట్టింది. మీ అన్నయ్య అరుగు మీద కుర్చీలో కూర్చున్నాడు. పైడయ్యా నేనూ ఒక్కొక్క వలా తెచ్చి వాకిట్లో పరిస్తే, ఏది ఎవరికివ్వాలో చెప్పాడు. ఇది ఫలానా తుపాను ముందు కట్టింది, ఇది మా నాన్న అల్లింది అని ఒక్కోదాన్నీ తడిమి చూశాడు. పెద్ద వల పైడయ్యకే ఇచ్చేశాడు. పైడయ్య తీసుకోనన్నాడు. “నువ్వు లెగిసి ఏటకెల్తావు బావా, అప్పుడు నాను నిన్నడుక్కోవాలేటి?” అన్నాడు. మీ అన్నయ్య నవ్వాడు. “తడి తగలకపోతే వల సచ్చిపోద్దిరా. పట్టుకెల్లు” అన్నాడు. పైడయ్య వల భుజాన వేసుకుని వెళ్తుంటే సందు మలుపు తిరిగేదాకా అటే చూశాడు. ఆ పూట అన్నం ముట్టలేదు. సముద్రానికి ఇంక వెళ్ళనని మీ అన్నయ్య నోటితో ఎప్పుడూ అనలేదు సంతోషీ. ఆ రోజు వల ఇచ్చేశాడు, అంతే.

గది ఖాళీ అయ్యాక గోడలు గీకడం మొదలెట్టాను. నేను గీకుతుంటే, గుమ్మంలో కూర్చుని నీ కథే చెప్పాడు. నువ్వు ఆరేళ్ళప్పుడు పనసతొనల గిన్నె పట్టుకుని వలల కుప్పలో దూరి, మొత్తం తినేసి అక్కడే నిద్రపోయావట. సాయంత్రం దాకా ఊరంతా వెతికారట. మీ అన్నయ్య వల లాగితే చేపకి బదులు నువ్వు బయటపడ్డావట, ఒంటి నిండా పనస జిగురుతో. చెప్తూ చెప్తూ దగ్గొచ్చేదాకా నవ్వాడు. నేను నవ్వలేదు. గీకుడు చిప్ప అక్కడ పడేసి పెరట్లోకి వెళ్ళిపోయాను. నేనెందుకు వెళ్ళిపోయానో అతనికి తెలుసు. మళ్ళీ ఎన్నో నెలలు నా ముందు నీ పేరెత్తలేదు.

గోడలకి ఏం వెయ్యాలన్నది పెద్ద చిక్కయింది. సున్నం చేతికంటుతుంది. మంచి పెయింటు మన వల్ల కాదు. పైడయ్య ఒక పొద్దున రెండు డబ్బాలు పట్టుకొచ్చాడు, పడవలకి వేసే ఆయిలు పెయింటు. తీరంలో ఎవరి పడవకి రంగేసినా అడుగున కాస్త మిగులుతుంది, నలుగురి దగ్గరా పోగేశాడట. ఉప్పునీటికే ఊడని రంగు తడిగుడ్డకి ఊడుతుందా అప్పా అన్నాడు. డబ్బాల్లో ఎక్కువ నీలం, కొంచెం పసుపు. తెలుపు మాత్రం కొన్నాం. అవి చూడగానే మీ అన్నయ్య కుర్చీలోంచి ముందుకి వంగాడు. ఎన్నాళ్ళకో ఆ మనిషి మొహంలో పని కనిపించింది. కింద నడుమెత్తు దాకా ముదురు నీలం, పైన తెలుపులో ఒక్క గరిటె నీలం కలిపి లేత రంగు, రెండూ కలిసే చోట పసుపు పట్టీ. “పడవకి అంచు గీసినట్టు గియ్యాల. సెయ్యి వణికిందా, ఊరోళ్ళందరూ నవ్వుతారు” అని పైడయ్యని భయపెట్టాడు. అంచు గియ్యడానికి తాడుకి సుద్దరాసి గోడకి లాగి కొట్టమన్నాడు. గీత సూటిగా పడింది. ఆ వాసన పోయేదాకా వారం రోజులు గది తలుపు తీసే ఉంచాం. పోతూ వస్తూ ఊళ్ళోవాళ్ళంతా తొంగి చూసేవారు, ఏటమ్మా ఇంట్లో పడవ కడతన్నారేటి అని.

నేల సంగతి సంధ్య చూసుకుంది. నేను పనిచేసే జీడి ఫ్యాక్టరీ పక్కన ఎవరో పెద్ద ఇల్లు కడుతున్నారు. టైల్సు ముక్కలు గుట్టగా పడేశారు. అడిగితే, పట్టుకెళ్ళమ్మా, మాకు ఎత్తే కూలి తప్పుతుంది అన్నారు. జీడిగింజల గోనెల్లో నింపి నాలుగు రోజులు ఆటోలో మోశాను. సంధ్య వాటిని రంగుల వారీగా ఏరింది. పెద్ద ముక్కలు మధ్యలో, చిన్నవన్నీ గోడ పొడుగునా, ముదురువీ లేతవీ ఒకదాని పక్కన ఒకటి. నేను సిమెంటు వేసి అద్దాను. సందుల్లో దుమ్ము చేరకుండా తెల్ల సిమెంటు నింపి, పీచుతో మూడు రోజులు రుద్దాను. ఎండాక చూస్తే గది నేలంతా అంచున్న చీర పరిచినట్టుంది. తొమ్మిదో తరగతి చదివే పిల్లకి ఆ చూపు ఎక్కణ్ణించి వచ్చిందో నాకు తెలీదు. మీ అన్నయ్య ఆ నేల మీద మొదటిసారి వట్టికాళ్ళతో నడిచి, “ఒలే గుంటా, దీని మీద అడుగెయ్యాలంటే భయమేత్తంది” అన్నాడు.

పరదాలు దుమ్ము పడతాయి, వద్దంది భారతి. అందుకని కిటికీ రెక్కలకే పసుపు రంగేసి, వాటి మీద సంధ్య చేత తెల్ల ముగ్గు వేయించాను. మందు సంచి వేలాడదీయడానికి ఇనప స్టాండు కొననక్కర్లేకుండా, సంధ్య చిన్నప్పుడు దానికి ఉయ్యాల కట్టిన కొక్కెం శ్లాబుకి అలాగే ఉంది, తుప్పు గీకి రంగేశాం. మందు పెట్టెలు నెలకోసారి ఆటో నిండా వచ్చేవి, ఎక్కడ పెట్టాలో తెలిసేది కాదు. గోడ వారగా రెండు వరసలు పేర్చి, పైన చెక్క పరిచి, ఉతికిన పాత చీరలతో కుట్టిన బొంత కప్పాను. అత్త దాని మీద కూర్చుని కాళ్ళూపుతూ, “పెద్దోళ్ళింట్లో సోఫా ఇలాగే ఉంటాది” అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. నెలాఖరుకి పెట్టెలు అయిపోయి సోఫా పొట్టిదయ్యేది. అప్పుడు అత్త బెంగపడేది.

అన్నిటికంటే మంచి పని అద్దం. మా పెళ్ళినాటి ఇనప బీరువా తుప్పు పట్టి పోయింది గానీ దాని తలుపుకున్న నిలువుటద్దం బాగానే ఉంది. అది ఊడదీసి, మంచానికి ఎదురుగా, గుమ్మం వైపు కాస్త వంచి బిగించాం. ఆ గదికి బయట ఏమీ కనబడదని నీకు తెలుసు. అద్దం పెట్టాక, పడుకున్న మనిషికి ముందు గుమ్మమూ, దాని అవతల వీధీ, కొబ్బరిచెట్లూ, తీరానికి వెళ్ళేవాళ్ళూ వచ్చేవాళ్ళూ అందులో కనబడేవారు. పొట్టలోకి మందు ఎక్కుతున్న ముప్పావుగంటా తలుపూ కిటికీ మూసెయ్యాలి, ఫ్యాను కూడా వెయ్యకూడదు. ఆ కాసేపూ అద్దంలో మూసిన తలుపునే చూస్తూ ఉండేవాడు. సంచి మార్చడం అయి తలుపు తీశానో లేదో, వీధి లోపలికి వచ్చేసేది. ఎవరి గంప బరువుగా ఉంది, ఎవరు ఉత్త చేతులతో వస్తున్నారు, అన్నీ అతనే నాకు చెప్పేవాడు.

భారతి మళ్ళీ వచ్చి చూసింది. గోడ మీద తడిగుడ్డ పెట్టి రుద్దింది. నేల మీద వేలు రాసి చూసింది. తర్వాత మాస్కు దించి, ఎవరు చేశారు ఆంటీ ఇదంతా అంది. మేమే అన్నాను. ఫోటోలు తీసుకుంది. ఆ నెల్లోనే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఇద్దరు ముగ్గురు, ఇలాంటి జబ్బు మనుషులున్నవాళ్ళు, గది చూడ్డానికి వచ్చారు. మీ అన్నయ్య మంచం మీద కూర్చుని మేస్త్రీలా చెప్పేవాడు. “టైల్సెందుకు? పడవ రంగెయ్యండి. నీలం కిందెయ్యాల, తెలుపు పైనెయ్యాల. సుద్దతాడు మరిసిపోకండి.” ఒక ముసలాయన ఆ నీలం గోడని చేత్తో నిమిరి, ఇలాంటి గదైతే నేనూ ఇంటికాడే సేసుకుందును అని కళ్ళు తుడుచుకున్నాడు. ఇప్పుడు మన ఉద్దానం ఊళ్ళల్లో మూడిళ్ళలో ఆ రంగుల గదులున్నాయట. పైడయ్య వెళ్ళి రెండింటికి తనే అంచు గీసొచ్చాడు.

ఎనిమిది నెలలు సంతోషీ. ఆ గదిలో ఎనిమిది నెలలు ఉన్నాడు. ఒక్కసారి కూడా పొట్ట చెడలేదు. నేను గోరు పెంచలేదు, గాజు వేసుకోలేదు, రోజుకి ఎన్నిసార్లు చేతులు కడిగానో దేవుడికే తెలుసు. మనిషి బతుకుతాడని నమ్మకం కుదిరింది నాకు. సంధ్య అక్కడే కూర్చుని చదువుకునేది. అత్త అక్కడే చింతపండు గింజలు తీస్తానంటే నేను కసిరేదాన్ని. నేను ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి ముగ్గురూ ఆ గదిలోనే ఉండేవారు. నువ్వు అనుకున్నట్టు చీకటి కొట్టులో ఒంటరిగా పడలేదు మీ అన్నయ్య. మన ఇంట్లో అంత వెలుతురున్న గది ఎప్పుడూ లేదు.

కార్తీకమాసంలో ఆయాసం మొదలైంది. పడుకుంటే ఊపిరి ఆడేది కాదు. పొట్ట బాగానే ఉంది, గుండె అలిసిపోయిందన్నారు. శ్రీకాకుళంలో నాలుగు రోజులున్నాం. ఐదో రోజు డాక్టరుగారు నన్ను పక్కకి పిలిచి చెప్పాల్సింది చెప్పారు. నేనింకా ఏం చెప్పాలా అని మొహం తుడుచుకుని వచ్చేసరికి మీ అన్నయ్యకి తెలిసిపోయింది. “నా గదికి తీసికెల్లిపో మణీ” అన్నాడు. ఇంటికి అనలేదు, నా గదికి అన్నాడు. తీసుకొచ్చాను. మూడు రోజులున్నాడు. ఆ మూడు రోజుల సంగతి ఎక్కువ రాయలేను. నాలుగో పొద్దున, సంధ్య కాళ్ళ దగ్గర కూర్చుని ఉండగా, నేను తల కింద దిండు సర్దుతుండగా పోయాడు. నొప్పి పడలేదు.

నువ్వడిగినదానికి ఇదే జవాబు.

మిగిలిన మందు పెట్టెలు భారతి వచ్చి వేరేవాళ్ళ కోసం తీసుకెళ్ళింది. అత్త ఇప్పుడు నేల మీద కూర్చుంటోంది. గది రోజూ తుడుస్తున్నాను, ఎందుకో నాకే తెలీదు. అలవాటు. అత్తకి చెవులు ఇంకా తగ్గాయి. సంతోసొచ్చిందా అని రోజుకోసారి అడుగుతుంది. గుమ్మంలో ఎవరి నీడ పడినా నువ్వే అనుకుంటుంది. నేను నీకు ఏమీ కాకపోవచ్చు, ఆవిడ నీ కన్నతల్లి. వీలు చూసుకుని ఒకసారి రా. పిల్లల్ని కూడా తీసుకురా. నువ్వొచ్చిన రోజు నన్ను ఫ్యాక్టరీకి వెళ్ళిపొమ్మన్నా వెళ్ళిపోతాను.

కామేశ్ అన్నయ్యని అడిగానని చెప్పు. పిల్లలకి ముద్దులు.

ఇట్లు,
నీ వదిన
నాగమణి

తాజా కలం: కవరు మీద నీ చిరునామా రాయమని ఉత్తరం సంధ్యకి ఇచ్చాను. అది మొత్తం చదివింది. చదివి, “అసలుది రాయలేదేటమ్మా?” అంది. చిరునామా రాయకుండానే నా ఒళ్ళో పెట్టి లేచిపోయింది. అందుకని మళ్ళీ కూర్చున్నాను.

ఆ మూడు రోజుల్లో మీ అన్నయ్య నిన్నే అడిగాడు. ఇంటికొచ్చిన మొదటి పూటే, సంతోసికి ఫోన్ సెయ్యి, ఒక్కసారి సూసి పోతాను అన్నాడు. సరేనన్నాను. ఫోను పట్టుకుని పెరట్లోకి వెళ్ళాను. నీ పేరు మీద వేలు పెట్టి నిలబడ్డాను. కోవెల ముందు నేనన్న మాటలన్నీ గుర్తొచ్చాయి. ఇప్పుడు నేనే పిలవాలా అనిపించింది. కిడ్నీ ఇవ్వని మనిషి ఆఖర్న వచ్చి ఏడ్చి మంచిదనిపించుకుంటుందా అనిపించింది. నొక్కలేదు. లోపలికొచ్చి, ఎత్తట్లేదు అన్నాను. “పన్లో ఉంటాది, మళ్ళీ సెయ్యి” అన్నాడు.

మర్నాడు రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ ఎత్తట్లేదనే చెప్పాను. సాయంత్రం పైడయ్య వస్తే అతన్ని అడుగుతాడేమోనని భయపడి, పైడయ్య రాకముందే ఇంకో అబద్ధం ఆడాను. కామేశ్ అన్నయ్య ఎత్తాడు, పంపడం కుదరదన్నాడు అని చెప్పాను. మీ అన్నయ్య కళ్ళు మూసుకున్నాడు. “సర్లే. దాని మీద కోపం ఎట్టుకోకు” అన్నాడు. మళ్ళీ అడగలేదు. పైడయ్యనీ అడగలేదు. మర్నాడంతా అద్దం వైపే చూస్తూ పడుకున్నాడు.

నేను పెరట్లో ఉత్తినే నిలబడి రావడం సంధ్య చూసింది. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు, నాతో మాట్లాడటం మాత్రం మానేసింది. ఈ ఉత్తరంలో మొదటి మాటగా ఇదే రాద్దామని కూర్చున్నాను సంతోషీ. గది గోడలూ నేలా చెప్పుకుంటూ ఇంత దూరం వచ్చాను గానీ అది రాయలేకపోయాను.

అన్న బతికుండగా చూడ్డానికి నువ్వు రాలేదని ఊళ్ళో అందరూ అంటుంటే వింటూ ఊరుకున్నాను. అత్త కూడా అదే నమ్ముతోంది. రేపు ఆవిడకి చెవిలో గట్టిగా చెప్తాను. పైడయ్యకి చెప్తాను. నిన్ను తిట్టిన ఆ కోవెల ముందే నలుగుర్నీ పిలిచి చెప్తాను, నేను పిలవలేదు, ఆడపడుచు తప్పు లేదు అని. ముందు నీకు తెలియాలని రాస్తున్నాను. క్షమించమని అడగను. మీ అన్నయ్య నిన్ను చూడాలనుకున్నాడు. అంతే నిజం.